వెళ్లని ఊరి మిఠాయి

ఇంతవరకు జరిగిన కథ చెప్పమంటే హత్సుమి ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, తప్పు తనది కాదని. మనం ఇంకాస్త నిజాయితీగా చెప్పుకుందాం. ఒమియాలో ఒక బడి వంటశాలలో పదకొండేళ్లుగా గరిట తిప్పుతున్న హత్సుమి, తోటి వంటమనుషులు కివాకో, షినోబులతో కలిసి శని, ఆదివారాలు ఒసాకా చూడ్డానికి బయలుదేరింది. ఇంట్లో మాత్రం కనజావా వెళ్తున్నానని చెప్పింది. ఎందుకంటే ఒసాకా అత్తగారి ఊరు. అత్తగారి ఊరికి వెళ్లి, అత్తగారి గడప తొక్కకుండా హోటల్లో దిగి, స్నేహితురాళ్లతో వీధులు తిరిగే కోడలు ఆ వంశంలో ఇంతవరకు లేదు.

కాలం కూడా కలిసొచ్చింది. భర్త తెత్సురోకి కంపెనీవాళ్లు సరిగ్గా అవే రెండు రోజులు సెందాయ్‌లో శిక్షణ పెట్టారు. అత్తగారు ఫుసాయే ముందు ఆదివారమే ఫోన్ చేసి, తను ముసలివాళ్ల సంఘంతో బెప్పు వేడినీళ్ల స్నానాలకు వెళ్తున్నానని, సోమవారం దాకా తనకోసం ఫోన్ చేయొద్దని చెప్పింది. అంటే ఒసాకాలో పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. రైలెక్కేటప్పుడు హత్సుమి ముఖం చూసినవాళ్లు ఆమెకి లాటరీ తగిలిందనుకుని ఉంటారు. పోయిన వారం మనం ఈ ముగ్గురినీ షిన్-ఒసాకా స్టేషన్ ఎస్కలేటర్ మీద వదిలాం. తూర్పువాళ్ల అలవాటు కొద్దీ ముగ్గురూ ఎడమ పక్కన వరసగా నిలబడ్డారు. ఒసాకాలో నిలబడేది కుడి పక్కన. వెనకాల నలభై మంది ఆగిపోయారు.

ఆ నలభై మందిలో ఒక పెద్దాయన, "అమ్మా, ఊరు మారింది, కాస్త కుడికి జరగండి" అన్నాడు, అంతే. ఇరవై ఏళ్లు టూరిస్టు బస్సులో గైడుగా పనిచేసి వచ్చిన కివాకోకి అంతకంటే అవమానం ఏముంటుంది. చేతిలో ఉన్న చిన్న పచ్చజెండాను మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. ఊరి నడిబొడ్డున ఉన్న ఉమెదా చేరేదాకా నోరు విప్పలేదు. ముగ్గురిలోకీ చిన్నదైన షినోబు, ఇది బాగానే ఉంది, రోజంతా ఇలాగే ఉంటే హాయిగా తినుకుంటూ తిరగొచ్చు అని హత్సుమి చెవిలో అంది.

ఉమెదాలో దిగగానే కివాకోకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. జెండా బయటికి వచ్చింది. జెండాతో పాటు పుస్తకం కూడా వచ్చింది. ఆ పుస్తకాన్ని ఆమె మూడు వారాలు కూర్చుని చేత్తో రాసి, మూడు కాపీలు తీసి, అంచులు కుట్టింది. పన్నెండు పేజీలు. నిమిషాలతో సహా అన్నీ ఉన్నాయి. కోట మెట్లెన్నో ఉంది, ఏ మెట్టు దగ్గర ఆయాసం తీర్చుకోవాలో ఉంది. మూడో పేజీలో, పదకొండు నలభై నుంచి పదకొండు యాభై అయిదు వరకు, "హత్సుమి సాక్ష్యం" అని ఉంది.

ఊరెళ్లి వచ్చిన మనిషి చేతిలో ఆ ఊరి మిఠాయి డబ్బా లేకపోతే, ఆ మనిషి ఊరెళ్లనట్టే. ఇంట్లో కూతురికి, ఎదురింటావిడకి, కింద అంతస్తులో చెత్త ఎలా వేరుచేయాలో అందరికీ పాఠం చెప్పే పెద్దావిడకి తలో ముక్కా అందాలి. కనజావా వెళ్లొచ్చిన హత్సుమి కనజావా మిఠాయి తేకుండా ఒమియాలో అడుగుపెట్టలేదు. అది కొనే ఏర్పాటే ఈ పదిహేను నిమిషాలు. కోట దగ్గర గుర్తొస్తే దొరకదు, ఆదివారం సాయంత్రం స్టేషన్‌లో దొరికేవన్నీ ఒసాకావే, కాబట్టి ముందు అబద్ధం పని చూసుకుని తర్వాత ఊరు చూద్దామని కివాకో తీర్మానించింది. ఎంత ముందుచూపో చూడండి. ఈ ముందుచూపే కొంప ముంచింది.

స్టేషన్‌కి ఆనుకుని ఉన్న పెద్ద డిపార్టుమెంట్ స్టోర్ నేలమాళిగలో, ఊరగాయల వరస దాటాక, దేశంలోని ఊళ్లన్నిటి మిఠాయిలూ ఒకేచోట అమ్మే కౌంటరు ఉంది. హత్సుమి అక్కడ బంగారు రేకు అద్దిన కనజావా కేకు పదహారు ముక్కల డబ్బా అడిగింది. కౌంటరులో ఉన్న యాభై ఏళ్ల ఆవిడ డబ్బా తీసి, స్టోరు పేరు వేసిన కాగితం చుట్టబోయింది. కాగితం వద్దంది హత్సుమి. అలా ఎలా ఇస్తామండీ, పదిమందికీ పెట్టే వస్తువు కదా అంది ఆవిడ. పరవాలేదంది హత్సుమి. బట్టతల మీద టోపీ పెట్టుకున్నవాడు టోపీ తీయనన్నట్టుగా అంది. ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఏ ఊరెళ్లినట్టు చెప్పావమ్మా?"

"కనజావా" అంది హత్సుమి, నేలకేసి చూస్తూ.

"అయితే సంచీ కూడా తెల్లదే ఇస్తాను, మా పేరు లేకుండా. బిల్లు డబ్బాలో పెట్టను, పర్సులో పెట్టుకుని రైల్లోనే చింపెయ్. పోయిన నెల ఒకావిడ అన్నీ బాగా చేసుకుని బిల్లు దగ్గర దొరికిపోయింది. ఇంకోటి, కనజావాలో ఈ రెండు రోజులూ వాన. గొడుగు తడుపుకుని ఇంటికెళ్లు."

ఇంత మంచి మనిషిని హత్సుమి ఈ మధ్య చూడలేదు. కృతజ్ఞత కొద్దీ తల వంచబోతుంటే, అదే కౌంటరు అవతలి చివర నుంచి ఒక మగగొంతు వినిపించింది. "కాగితం వద్దండీ. మామూలు తెల్ల సంచీ చాలు."

ఇరవై నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే సూపు చల్లారిపోయిందని చెప్పే గొంతు అది.

తెత్సురో చేతిలో సెందాయ్ కస్టర్డ్ బన్నుల డబ్బా ఉంది. అతను తల తిప్పాడు. హత్సుమి తల తిప్పే ఉంది. ఇద్దరి మధ్య ఆరు అడుగుల దూరం, ముప్ఫై ఊళ్ల మిఠాయిలు ఉన్నాయి. నువ్విక్కడేమిటని ఎవరు ముందు అడిగితే వాళ్లే ముందు జవాబు చెప్పుకోవాలి. అది ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"సెందాయ్ ఎలా ఉందండీ?" అంది హత్సుమి చివరికి.

"చలిగా ఉంది" అన్నాడు తెత్సురో. కొంచెం ఆలోచించి, "కనజావా?" అని అడిగాడు.

"వాన పడుతోంది."

"గొడుగు తీసుకెళ్లావా?"

"తీసుకెళ్లాను."

కౌంటరావిడ ఇద్దరి మధ్యా నిలబడి, ఎటూ చూడకుండా రెండు తెల్ల సంచీలు విప్పి పెట్టింది. ఊరగాయ పీపాల వెనక నక్కిన కివాకో, షినోబులు ఊపిరి బిగబట్టారు. దాక్కోవడం బాగానే దాక్కున్నారు గానీ పచ్చజెండా పీపాల పైకి నిటారుగా కనిపిస్తూనే ఉంది. షినోబు ఊపిరి బిగబట్టే ముందు అక్కడ రుచికి పెట్టిన వంకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుంది, ఇప్పుడు నమలలేక మింగలేక అవస్థ పడుతోంది.

అప్పుడు చూసింది హత్సుమి. తెత్సురో మెడలో ఉన్నది తెల్ల టై. పెళ్లిళ్లకు తప్ప పెట్టెలోంచి తీయని టై. నల్ల సూటు, తలకి నూనె, కొత్త మేజోళ్లు. స్నానపు తొట్లు బిగించే కంపెనీలో శిక్షణకి తెల్ల టై కట్టుకెళ్లే మనిషిని ఆమె వినలేదు, కనలేదు. అంతవరకు తను పట్టుబడ్డానన్న భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. యాభై అయిదేళ్ల మనిషి, పొట్ట వచ్చిన మనిషి, సాక్సులు ఎక్కడ విప్పితే అక్కడ వదిలేసే మనిషి. అయినా తన మనిషి. పోతాడేమోనని తనకి ఇంత భయం వేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఎవరావిడ?" అని అడిగింది.

తెత్సురోకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడ్డాడు. "మా అమ్మ" అన్నాడు.

మీ అమ్మగారు బెప్పులో ఉన్నారు కదా అంది హత్సుమి. వెళ్లలేదన్నాడతను. ఈ స్టోరు పదో అంతస్తులో హోటలుందని, అక్కడ పన్నెండున్నరకి అమ్మ భోజనాలు పెట్టిందని, తనను రమ్మందని, నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుందని, ఇలా ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. దేనికి భోజనాలన్నది మాత్రం చెప్పలేదు. హత్సుమి ఆ మాట కోసం ఆగలేదు. తల్లీ కొడుకూ కోడలికి తెలియకుండా కూర్చుని మాట్లాడుకునే సంగతి లోకంలో ఒక్కటే ఉంటుంది. పోయిన ఏడు ఫుసాయే మెట్ల మీద జారిపడినప్పటి నుంచి ఆ సంగతి వాళ్లింట్లో ఎవరూ ఎత్తకుండా జాగ్రత్తగా దాటుకుంటూ తిరుగుతున్నారు. ఉన్నది మూడు గదులు. ఒకటి కూతురిది.

"మీ అమ్మగారు మనింటికి వచ్చేస్తున్నారు. అంతే కదండీ?"

తెత్సురో సంచీ తాడును వేలికి చుట్టాడు, విప్పాడు. "మనింటికైతే రావడం లేదు" అన్నాడు.

సూటిగా జవాబు చెప్పడం చేతకాని మనిషి అలా అంటే, అబద్ధమని హత్సుమి అనుకోవడంలో తప్పులేదు. ఇరవై నాలుగేళ్లుగా లోపల పెట్టుకున్న మాట ఉంది ఆమెకి. దాన్ని గట్టిగా అనలేదు, ఆమెకి గట్టిగా అనడం రాదు. మెల్లగానే, బన్నుల డబ్బాలకేసి చూస్తూ అంది.

"ఏడాదికి రెండుసార్లు వచ్చానండీ నేను ఈ ఊరికి. నలభై ఎనిమిదిసార్లు. కోట ఎక్కలేదు. టవరు చూడలేదు. నది ఒడ్డున నిలబడి ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చే తకోయాకి ఉండ ఒక్కటి తినలేదు. దిగిన దగ్గర్నుంచి రైలెక్కేదాకా ముల్లంగి తరిగాను. నాకు తెలిసిన ఒసాకా మీ అమ్మగారి వంటింటి కిటికీలోంచి కనిపించే పక్కింటి గోడ. ఈ ఒక్కసారి ఊరు చూద్దామనుకున్నా, అది కూడా దొంగలా వచ్చి. రేపు ఆవిడ మనింటికి వచ్చేస్తే ఇక ఈ ఊరికి నేనెందుకు వస్తాను? ఎప్పుడు చూస్తాను?"

కౌంటరావిడ చేతిలోని గుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. వెనక నుంచి ఎవరో తాపీగా అన్నారు.

"ఆ గోడకి పోయినేడు పచ్చరంగు వేశారే."

ఫుసాయే అక్కడే నిలబడి ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, నాలుగున్నర అడుగులు మించదు, లేత ఊదారంగు కిమోనో కట్టుకుని, జుట్టు కొత్తగా దువ్వించుకుని ఉంది. ఆమె చేతిలో కూడా ఒక డబ్బా ఉంది. బెప్పు నిమ్మ మిఠాయి. ఆ డబ్బా మీదికి హత్సుమి చూపు పోవడం చూసి, నీకే తల్లీ, సోమవారం కొరియర్ చేద్దామనుకున్నానని చెప్పింది. కౌంటరావిడ ఎవరూ అడగకుండానే మూడో తెల్ల సంచీ తీసింది.

తర్వాత ముగ్గురూ ఒకేసారి క్షమించమంటూ నడుములు వంచారు. తెత్సురో నుదురు కౌంటరు అద్దానికి ఠంగున కొట్టుకుంది. లేవడం కూడా ఒకేసారి లేచారు, అవతలివాళ్లు ఇంకా లేవలేదనుకుని మళ్లీ వంగారు. ఈ వరసన సాయంత్రం దాకా సాగేదే గానీ, ఒసాకా ఆడది ఫుసాయే, మూడోసారికి విసుగొచ్చి కోడలి భుజం పట్టుకుని లేపింది.

"పెళ్లి చేసుకుంటున్నానే అమ్మాయ్" అంది.

హత్సుమి అత్తగారి కొత్త దువ్వుడుకేసి, ఊదారంగు కిమోనోకేసి మరోసారి చూసింది.

"నవ్వొస్తే నవ్వు, పరవాలేదు. నువ్వు నవ్వుతావనే కదా ఈ మూడు నెలలూ దాచింది. వీడంటే నేను కన్నవాడు, వీడేమన్నా ఒక మొట్టికాయ వేస్తాను. నీకెలా చెప్పను? చెప్పులు ఎటు తిప్పి పెట్టాలో, గిన్నె ఏ చేత్తో పట్టుకోవాలో, పెద్దవాళ్ల ముందు ఎలా ఉండాలో ఇన్నేళ్లూ నీకు పద్ధతులు చెప్పింది నేను. ఇప్పుడు ఈ వయసులో సిగ్గులేకుండా లిఫ్టులో పరిచయమైన మగాడితో పెళ్లంటే, ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? నువ్వంటే భయం నాకు."

హత్సుమి తన చెవులను తను నమ్మలేదు. ఈ ఊరి పేరు చెబితేనే తనకి అరచేతుల్లో చెమటలు పడతాయి. తను ఈవిడకి భయపడుతున్నంత కాలమూ ఈవిడ కూడా తనకి భయపడుతోందా? ముసలావిడ కోడలి ముఖంలోకి చూడలేక నిమ్మ మిఠాయి డబ్బాకేసి చూస్తోంది. హత్సుమికి జాలేసింది. నిజం చెప్పాలంటే, జాలి కంటే ఒక్క అడుగు ముందు సంతోషం వచ్చింది. పెళ్లి చేసుకుని ఆవిడ మొగుడి దగ్గరికి పోతుంది. తమ మూడు గదులూ తమకే ఉంటాయి. ముల్లంగులకి ఇక సెలవు. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ఇంకాస్త సంతోషించింది. అత్తగారి రెండు చేతులూ పట్టుకుని, చాలా మంచిపని చేస్తున్నారు అత్తయ్యా, నేనెందుకు నవ్వుతాను, ఇంతకంటే శుభవార్త ఈ ఏడాది వినలేదు అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. లిఫ్టులో అన్నారు కదా, ఏ లిఫ్టులో అని అడగాలని మాత్రం ఆమెకి తోచలేదు.

ఫుసాయే కళ్లు తుడుచుకుంది. కిమోనో మడతల్లోంచి జాగ్రత్తగా మడిచిన కాగితం తీసింది. వార్డు ఆఫీసులో ఇచ్చే పెళ్లి పత్రం. వధూవరులు ఎడమ పేజీలో అన్నీ నింపేశారు. కుడి పేజీలో ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మొదటి గడిలో తెత్సురో పేరుంది. రెండో గడి మూడు వారాలుగా ఖాళీ. మీ అక్కని అడగమని పెళ్లికొడుకు అన్నాడని, అక్కేమిటి, ఈ గడి నా కోడలిది, దానికి చెప్పే ధైర్యం వచ్చేదాకా అలాగే ఉండనీ అని తనే ఆపానని ఫుసాయే చెప్పింది.

"ఇది పెట్టేసి నువ్వు వెళ్లు" అంది. "పైకి రానక్కర్లేదు. మా అక్కకి చేపల ముళ్లు తీసిపెట్టడానికి వీడున్నాడు. కోటకెళ్లు, టవరెక్కు. నలభై ఎనిమిదిసార్లు లెక్కపెట్టుకున్నావే, నా తల్లీ. నాకు తెలియదు. నీకు ఊరు చూడాలని ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు."

సరిగ్గా అప్పుడే ఊరగాయ పీపాల వెనక నుంచి కివాకో బయటికి వచ్చింది. పెద్దావిడకి తల వంచి, శుభాకాంక్షలు చెప్పి, వాచీ చూసి, క్షమించాలి, మూడో పేజీ దాటి పంతొమ్మిది నిమిషాలైంది, కోటకి వెళ్లే బస్సు తప్పిపోతే నాలుగో పేజీ మొత్తం పోతుందని విన్నవించుకుంది. షినోబు ఆఖరికి వంకాయ మింగి, తను కూడా తల వంచింది.

పెన్ను కౌంటరావిడే ఇచ్చింది. కాగితం కింద పెట్టుకోవడానికి కగోషిమా చిలగడదుంప మిఠాయి డబ్బా కూడా ఇచ్చింది. హత్సుమి పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది. తొందరలో ఉన్నా అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. అత్తగారికి ఇన్నేళ్లలో ఇంత ఇష్టంగా ఏ పనీ చేసిపెట్టలేదు. ఆ తర్వాత చిరునామా. సైతామా జిల్లా. ఒమియా వార్డు. వీధి. అపార్టుమెంటు పేరు. వెయ్యిసార్లు రాసిన వరసే కాబట్టి చెయ్యి దానంతటదే రాసుకుపోయింది, కళ్లు ఊరికే ఎడమ పేజీ మీదికి పోయాయి. పెళ్లికొడుకు చిరునామా ఎలా ఉందోనని చూశాయి.

సైతామా జిల్లా. ఒమియా వార్డు. అదే వీధి. అదే అపార్టుమెంటు.

గది 402.

హత్సుమి వాళ్లది 302. పైన ఉండేది నిషిదో గారు, భార్య పోయిన పెద్దమనిషి, రోజూ పొద్దున్న ఆరున్నరకి రేడియో పెట్టుకుని వీళ్ల పైకప్పు అదిరేలా వ్యాయామం చేస్తాడు. కొత్త సంవత్సరానికి ఫుసాయే వచ్చి వాళ్లింట్లో నాలుగు రోజులు ఉండి వెళ్లింది. ఆ నాలుగు రోజుల్లోనూ చెత్త తనే పారేసి వస్తానని పట్టుబట్టి, రోజుకి మూడుసార్లు లిఫ్టులో కిందికి దిగింది.

హత్సుమి తల ఎత్తి భర్తకేసి చూసింది. తెత్సురో సెందాయ్ బన్నుల డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఎంతో శ్రద్ధగా చదువుతున్నాడు.

పత్రంలో ఇక మిగిలింది గది నంబరు ఒక్కటే. మూడు అంకెలు. పెన్ను కాగితం మీద ఆగి ఉంది, దాని కింద సిరాచుక్క మెల్లగా పెద్దదవుతోంది. వెనక కివాకో జెండా అసహనంగా ఊగుతోంది.

"రాసెయ్ అమ్మాయ్, ఏమిటాలోచిస్తున్నావు?" అంది ఫుసాయే, కోడలి వీపు మీద ప్రేమగా చెయ్యి వేసి. "వచ్చే శనివారానికి సామాను లారీ కూడా చెప్పేశాం."